వార్షిక నివేదిక: పేలిన నక్షత్రం బొమ్మ గీసిన ఆదివారాలు

సభ్యులందరికీ నమస్కారం.

నెలవారీ ఆకాశ పరిశీలనలు ఎప్పటిలాగే జరిగాయి, వానాకాలంలో మాత్రం కొన్ని తప్పిపోయాయి. జమాఖర్చులు కోశాధికారి విడిగా చదువుతారు. నేను ఎక్కువగా చెప్పాలనుకున్నది మన రేడియో ఖగోళ బృందం గురించి. ఈ ఏడాది మన పనుల్లో నాకు అన్నిటికన్నా విలువైనది అదే.

బృందం ఎంచుకున్నది 3సి391. గరుడ మండలంలో, 20 వేల కాంతి సంవత్సరాలకు పైగా దూరంలో ఉన్న సూపర్‌నోవా అవశేషం, అంటే పేలిపోయిన నక్షత్రం తాలూకు మిగులు. అమెరికాలో న్యూ మెక్సికోలో చాలా యాంటెన్నాలు కలిసి పనిచేసే వీఎల్‌ఏ రేడియో టెలిస్కోపు దీన్ని 2010 ఏప్రిల్‌లో 4.6 గిగాహెర్ట్జ్ దగ్గర చూసింది. నేర్చుకునేవాళ్ల కోసం ఆ డేటాను అందరికీ అందుబాటులో ఉంచారు. ఆ డేటాను బొమ్మగా మార్చే కాసా సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమే.

డౌన్‌లోడ్ చేసిన రోజే బొమ్మ చూసేయాలని మా ఆత్రం. కానీ ముందు బియ్యంలో రాళ్లు ఏరినట్టు డేటాలో చెత్త ఏరాలి. ఒక యాంటెన్నాకు ఆ ఫ్రీక్వెన్సీ రిసీవరే లేదు. ఇంకో యాంటెన్నా డేటా కొంత పాడైంది, ఆ సంగతి మొదటిసారి మేం గమనించలేదు. బొమ్మ నిండా చారలు! తప్పెక్కడుందో తెలియక రెండు ఆదివారాలు టెన్షన్ పడ్డాం.

తర్వాత క్యాలిబ్రేషన్, అంటే కొలతలను సరిచేయడం. కొట్లో తూకంరాయి ఎలాగో ఇక్కడ 3సి286 అనే క్వేజార్ (చాలా దూరంలో గట్టిగా వెలిగే గెలాక్సీ కేంద్రం) అలాగ. దాని ప్రకాశం ముందే తెలుసు కాబట్టి మిగతావాటిని దానితో పోల్చి కొలుస్తాం. ఫేజ్, అంటే రేడియో అలల ఎత్తుపల్లాలు ఏ క్షణాన చేరుతున్నాయన్న లెక్క, దాని సంగతి వేరు. వాతావరణం వల్ల, పరికరాల వల్ల అది అదేపనిగా మారుతుంటుంది. అందుకే టెలిస్కోపు మధ్యమధ్యలో జె1822-0938 అనే చుక్కలాంటి మూలం వైపు తిరిగి వస్తుంది. దాని ఫేజ్ ఎంత పక్కకు పోతే అంత సరిదిద్దాలి. మనలోని రిటైర్డ్ లెక్కల మాస్టారు బోర్డు మీద గీసి చూపించాకే ఇది మాకు బుర్రకెక్కింది.

అవశేషం ఒక్క చూపులో పట్టదు. 7 చోట్లకు గురిపెట్టి తీసిన డేటాను మొజాయిక్‌గా కలిపాం. యాంటెన్నాల మధ్య ఖాళీల వల్ల పుట్టే దొంగ వెలుగులను క్లీన్ పద్ధతితో తీసేశాం. ఇది మబ్బులా పరుచుకున్న వస్తువు కాబట్టి, అన్నిటినీ చుక్కలుగా లెక్కేసే మామూలు క్లీన్ చాలక, చిన్నా పెద్దా మరకలను కూడా లెక్కేసే మల్టీస్కేల్ క్లీన్ వాడాం.

చివరికి వచ్చింది బొమ్మ. వాయవ్యాన గట్టిగా వెలిగే అంచు, ఆగ్నేయానికి పలచబడుతూ పోయిన వెలుగు. నక్షత్రం దట్టమైన వాయుమేఘం అంచున పేలిందనీ, పలచగా ఉన్న వైపుకి పేలుడు తెంచుకుని పోయిందనీ చదివిందే మా తెర మీద కనబడింది. చుట్టూ నల్లటి పల్లం కూడా ఉంది. యాంటెన్నాలను ఒక హద్దు దాటి దగ్గరగా పెట్టలేరు కాబట్టి, విశాలంగా పరుచుకున్న వెలుగు కొంత నమోదే కాదు. ఆ లోపాన్ని దాచకుండా అలాగే ప్రింట్ తీసి సంఘం గదిలో పెట్టాం. వచ్చినప్పుడు దగ్గరగా నిలబడి చూడండి.

వచ్చే ఏడాది పుణె దగ్గరి జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోపు డేటా తీసుకోవాలని ఉంది. తక్కువ ఫ్రీక్వెన్సీల్లో మనుషులు చేసే రేడియో గోల ఎక్కువ, ఏరివేత ఇంకా పెరుగుతుంది. మా ల్యాప్‌టాప్‌లు ఇప్పటికే మొరాయిస్తున్నాయి. ఎక్కువ మెమరీ ఉన్న కంప్యూటర్ ఎవరింట్లోనైనా ఖాళీగా ఉంటే దయచేసి నాకు చెప్పండి.

కార్యదర్శి