తోకచుక్కకి, నిన్నటి సంగతి

ఒసేయ్ తోకచుక్కా,

నీ ఉత్తరానికి జవాబివ్వడానికి రెండు నెలలు పట్టింది, క్షమించు. అమ్మ కులాసా. నా నడుంనొప్పి తగ్గింది. మిగతా కబుర్లు తర్వాత, ముందు ఇది విను.

నిన్న గర్భిణుల మీటింగ్. ఎప్పటిలాగే చార్టు పట్టుకుని వెళ్లాను. కొత్తగా వచ్చినావిడ మాత్రం "ఇవాళ మనం చెప్పొద్దు, అడుగుదాం" అంది. బొమ్మల కార్డులు పరిచి కథ మొదలుపెట్టింది. నాలుగు రోజుల పాప పోయింది. ఎందుకు? ఒళ్లు చల్లబడింది, పాలు తాగలేదు. ఎందుకు చల్లబడింది? పుట్టగానే స్నానం చేయించారు. ఒక రోజైనా ఆగాలని తల్లికి తెలుసు. మరి ఎందుకు ఆపలేదు?

ఎవరూ మాట్లాడలేదే. అప్పుడు వెనక గోడకి ఆనుకుని కూచున్న అమ్మాయి, ఏడాదిగా వస్తున్నా నేనెప్పుడూ గొంతు వినని అమ్మాయి, "తల్లిని అడిగిందెవరు?" అంది.

పోయినేడాది తన బిడ్డ సంగతి అక్కడ అందరికీ తెలుసు. పక్కనే ఉన్న అత్తగారు చాలాసేపు తల వంచుకుని, "నేనడగలేదు" అంది. నాకు ఏడుపు ఆగలేదు. పదకొండేళ్లుగా నేనూ చెబుతూనే ఉన్నాను కదా, ఒక్కసారైనా అడిగానా...

తల్లీబిడ్డల ప్రాణాల మీదికి తెచ్చే మూడు ఆలస్యాలని మనం క్లాసులో బట్టీ పట్టాం, గుర్తున్నాయా? ఆసుపత్రికి తీసుకెళ్దామని తేల్చుకోవడంలో, అక్కడికి చేరడంలో, చేరాక వైద్యం అందడంలో. నాలుగోది నువ్వు క్లాసుకి రావడం! ఆ మొదటిది ఇంట్లోనే ఉంటుందని నిన్న కళ్లారా చూశాను. తర్వాత వాళ్లే మాట్లాడుకున్నారు. రక్తస్రావమో, ఫిట్సో, భరించలేని తలనొప్పో వస్తే ఎవరి అనుమతి కోసమూ ఆగకూడదు. అర్ధరాత్రి వచ్చే బండివాళ్ల నంబరు ప్రతి ఇంటి గోడ మీదా ఉండాలి. వచ్చే మీటింగ్‌కి మగవాళ్లూ రావాలి. ఇందులో నేను చెప్పింది ఒక్కటీ లేదు.

రాత్రి నిద్ర పట్టక చదివాను. నేపాల్‌లోని మక్వాన్‌పూర్‌లో ఇలాంటి మహిళా బృందాలు నడిచిన చోట నెలలోపు పసిబిడ్డల మరణాలు 30 శాతం తక్కువని 2004లోనే తేలింది. జార్ఖండ్, ఒడిశాల్లో మూడేళ్లకి 32 శాతం తక్కువ, ఆ అధ్యయనం 2010లో వచ్చింది. 2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఈ పద్ధతినే సిఫారసు చేసింది. కానీ ఒక మెలిక ఉంది. గర్భిణుల్లో కనీసం మూడో వంతు మంది వచ్చిన చోటే ఫలితం బాగా కనిపించిందట. మాకు వచ్చేది అందులో సగం కూడా లేరు. అదే నా టెన్షన్. రానివాళ్లే కదా ఎక్కువ ప్రమాదంలో ఉండేది.

అందుకే ఇవాళ్టి నుంచి ఇంటింటికీ తిరుగుతున్నా. చార్టు లేదు, ఆ అమ్మాయి తోడొస్తానంది. తనకిప్పుడు మళ్లీ ఐదో నెల, నీకు చెప్పానా? ఈసారి ఆ అత్తగారే... అయ్యో, వాళ్లొచ్చేశారు, గుమ్మంలో ఉన్నారు. మిగతాది రేపు రాస్తా.

నీ
గంటస్తంభం