పొద్దున్నే ప్రార్థన, ఆ వెంటనే పరుగు

ప్రియమైన తల్లిదండ్రులకు వందనాలు, నమస్కారాలు.

వచ్చే సోమవారం నుంచి ఉదయం ప్రార్థన అయిపోగానే పిల్లలు నేరుగా క్లాసులకు వెళ్లరు. ఇరవై నిమిషాలు గ్రౌండులో ఉంటారు. పరుగో, స్కిప్పింగో, ఖోఖోనో, ఏదో ఒకటి ఆడతారు. ఏ పీరియడూ తగ్గించలేదు, బడే ఇరవై నిమిషాలు ముందు మొదలవుతుంది. కడప ఎండల గురించి మీకు చెప్పక్కర్లేదు, అందుకే పొద్దున్నే పెట్టాం.

పోయిన పేరెంట్స్ మీటింగులో ఈ మాట చెప్పినప్పుడు ఒక తండ్రి లేచి, "శరీర సాధకం కొంచెం మట్టుకే ప్రయోజనకరమని పౌలే రాశాడు కదా సార్" అన్నారు. మంచి ప్రశ్న. ఆ రోజు టైము లేక సరిగా జవాబు చెప్పలేకపోయాను. బైబిల్లో అపొస్తలుడైన పౌలు తన శిష్యుడు తిమోతికి రాసిన మొదటి పత్రిక నాలుగో అధ్యాయంలో ఆ మాట ఉంది; శరీర సాధకం అంటే వ్యాయామం. దైవభక్తితో పోలిస్తే అది కొంచెమే, నిజం. కానీ కొంచెం అన్నాడు గానీ వ్యర్థం అనలేదు. మీ దేహం పరిశుద్ధాత్మకు ఆలయమని గ్రీసులోని కొరింథు పట్టణపు క్రైస్తవ సంఘానికి రాసింది కూడా ఆయనే. ఆ ఊరి దగ్గర రెండేళ్లకోసారి పెద్ద ఆటల పోటీలు జరిగేవి. పందెంలో పరుగెత్తేవాళ్ల గురించి పౌలు రాస్తే, వాళ్లకు విడమరిచి చెప్పాల్సిన పని ఉండేది కాదు.

నా సంగతి చెప్తాను. చాలా ఏళ్లు తెల్లవారుజామున నాలుగున్నరకే లేచి గంటసేపు ప్రార్థన చేసేవాణ్ణి. ఆ తర్వాత సాయంత్రం దాకా కుర్చీలోనే. మూడేళ్ల కిందట షుగర్ బయటపడింది. రోజూ నడవమని డాక్టరమ్మ చెప్పారు. నాకేమో ప్రార్థన టైము తగ్గిపోతుందని టెన్షన్. ఒకరోజు పాలకొండల వైపు నడుస్తూ 121వ కీర్తన అందుకున్నాను: "కొండలతట్టు నా కన్నులెత్తుచున్నాను." ఆ కీర్తన ఎన్నిసార్లు చదివి ఉంటానో. కొండలను కళ్లెదుట పెట్టుకుని చెప్పుకోవడం మాత్రం అదే మొదటిసారి. గొంతు పూడుకుపోయింది. ఇప్పుడు గదిలో అరగంట, దారిలో అరగంట. నడకలోనే చాలా కీర్తనలు కంఠతా వచ్చాయి.

ఆట వేరు, భక్తి వేరు అనే పిల్లలకు మన గ్రౌండులోని వాలీబాల్ నెట్ చూపిస్తుంటాను. ఆ ఆట 1895లో అమెరికాలో ఒక వైఎంసీఏలో, అంటే క్రైస్తవ యువకుల సంఘంలో, పుట్టింది. బాస్కెట్‌బాల్ కూడా అంతే, 1891లో వైఎంసీఏ శిక్షణ పాఠశాలలో మొదలైంది. పీఈటీ సార్లను తయారుచేసే కాలేజీని 1920లో మద్రాసులో హ్యారీ క్రో బక్ మొదలుపెట్టిందీ వైఎంసీఏ తరఫునే.

రెండో వైపు కూడా చెప్పాలి. ఆదివారం క్రికెట్ కోచింగ్ ఉందని కొందరు పిల్లలు సండే స్కూలు మానేస్తున్నారు. ఇది నాకు బాధగా ఉంది. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల హీట్స్ (తొలి వడపోత పరుగులు) ఆదివారం వచ్చాయని, ఆదివారం దేవుని దినమని నమ్మే స్కాట్లాండ్ పరుగువీరుడు ఎరిక్ లిడెల్ ఆ పరుగే వదులుకున్నాడు. తర్వాత 400 మీటర్లలో బంగారు పతకం గెలిచాడు, మరుసటి ఏడు మిషనరీగా చైనా వెళ్లాడు. ఈ సంగతి మీ పిల్లలకు చెప్పండి. ఒకవేళ ఆ పతకం రాకపోయి ఉన్నా అతను చేసింది సరైన పనేనని కూడా చెప్పండి.

5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలైనా ఒళ్లు అలిసే కదలిక ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బడిలో మేమిచ్చేది 20 నిమిషాలే. మిగతాది మీ చేతుల్లో ఉంది. రాత్రి కుటుంబ ప్రార్థనకు ముందు ఇంటిల్లిపాదీ కలిసి కాస్త వేగంగా నడిచి రండి. ఈ రోజు ఎవరి కోసం ప్రార్థిద్దామని దారిలో పిల్లలనే అడగండి. వాళ్లు చెప్పే పేర్లు వింటే మీకే ఆశ్చర్యం వేస్తుంది.

ఇతర మతాల పిల్లలు ప్రార్థన వేళ మౌనంగా కూర్చుంటే చాలు. ఆటకు మాత్రం అందరూ రావాలి. ఆయాసం, గుండె జబ్బు, ఫిట్స్ లాంటివి ఉంటే ఈ శుక్రవారంలోగా క్లాస్ టీచర్‌కు రాసి పంపండి. కాన్వాస్ బూట్లు, నీళ్ల బాటిల్ మరిచిపోవద్దు. ఖాళీ కడుపుతో పంపకండి, ఒక గ్లాసు రాగి జావ తాగించినా సరే.

ప్రభువు సేవలో,
మీ హెడ్మాస్టర్