రుజువు భారం కూలీ నెత్తినేనా?

సంపాదకులకు,

ఇమిగ్రేషన్‌, విదేశీయుల చట్టం–2025 గురించి ఈ లేఖ. 1920, 1939, 1946, 2000 నాటి నాలుగు చట్టాలను రద్దుచేసి 2025 సెప్టెంబరు 1 నుంచి దీన్ని అమల్లోకి తెచ్చారు. పాస్‌పోర్టు, వీసా లేకుండా దేశంలోకి వస్తే అయిదేళ్ల దాకా జైలు, రూ.5 లక్షల దాకా జరిమానా. దొంగ పాస్‌పోర్టు వాడినా, సమకూర్చినా రెండు నుంచి ఏడేళ్లు. దొంగ పత్రాల దళారులకు ఈ శిక్ష పడాల్సిందే. మా ఆందోళన అంతా రుజువు గురించే.

విదేశీయుడన్న అనుమానం వస్తే, కాదని నిరూపించుకోవాల్సింది ఆ మనిషే. 1946 చట్టంలోని ఈ నిబంధన కొత్త చట్టంలోనూ కొనసాగింది. మరి ఏం చూపించాలి? ఆధార్‌ పౌరసత్వానికి రుజువు కాదని ఆధార్‌ చట్టమే చెబుతోంది. 1950 జనవరి 26 నుంచి 1987 జూన్‌ 30 వరకు ఇక్కడ పుట్టినవారికి పుట్టిన చోటు చూపితే చాలు. ఆ తర్వాత 2004 డిసెంబరు 3 లోపు పుట్టినవారికి తల్లిదండ్రుల్లో ఒకరు భారత పౌరులై ఉండాలి. అంటే మన ఇటుక బట్టీలో పనిచేసే, 1995లో పుట్టిన ఒడిశా కూలీ తన పుట్టుకతోపాటు తల్లిదో తండ్రిదో పౌరసత్వం కూడా చూపాలి. ఇంట్లో పురుడు పోసుకున్న తల్లి దగ్గర జనన ధ్రువపత్రం ఎక్కడిది? బడి ముఖమే చూడనివాడికి టీసీ ఉండదు. ఉన్న రెండు మూడు కార్డుల్లోనూ తండ్రి పేరు ఒక్కోదాంట్లో ఒక్కోలా పడి ఉంటుంది. ఆ ఒక్క అక్షరమే అనుమానానికి ఆధారమవుతుంది.

చేయాల్సిన పని కష్టమేమీ కాదు. అనుమానం వచ్చిన రోజే ఆ మనిషి ఫొటో, తల్లిదండ్రుల పేర్లు, ఊరి పేరు అతని స్వస్థలంలోని పోలీస్‌ స్టేషన్‌కూ పంచాయతీకీ పంపాలి. అక్కడి పాత ఓటర్ల జాబితా, బడి అడ్మిషన్‌ రిజిస్టరు, భూమి రికార్డు చూసి జవాబివ్వాలి. అది వచ్చేదాకా నిర్బంధ కేంద్రానికి పంపకూడదు. అతనికి ఇచ్చే నోటీసు అతని భాషలోనే ఉండాలి.

తొందరపడి పంపినంత మాత్రాన పని తీరదు. అవతలి దేశం తన పౌరుడేనని ఒప్పుకొని ప్రయాణ పత్రం ఇస్తేనే తిప్పి పంపడం కుదురుతుంది. ఒప్పుకోకపోతే శిక్షాకాలం ముగిసినా ఆ మనిషి నిర్బంధంలోనే మగ్గిపోతాడు.

వలస కూలీకి గుత్తేదారు ఫొటో అంటించిన పాస్‌బుక్‌ ఇవ్వాలని 1979లోనే అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం చెప్పింది. అది సక్రమంగా అమలై ఉంటే, ఎక్కడి నుంచి వచ్చాడో తేల్చడానికి ఇవాళ కనీసం ఒక ఆధారమైనా చేతిలో ఉండేది. విదేశీయుల వివరాలు చెప్పాలని హోటళ్లను, ఆస్పత్రులను, విశ్వవిద్యాలయాలను బాధ్యుల్ని చేసిన ప్రభుత్వం, కూలీలను తెచ్చే గుత్తేదారు రిజిస్టర్లనూ కార్మిక శాఖతో వెంటనే తనిఖీ చేయించాలి.

– కొందరు న్యాయవాదులు, హైదరాబాద్‌