బాపు పక్కన కూర్చున్న మత్తు డాక్టరమ్మకు

మా బాపు ఆపరేషన్ అయి నెల రోజులు. నిన్న సాయంత్రం వాకిట్లో నిలబడి పక్కింటాయనతో అరగంట ముచ్చట పెట్టాడు. లోపలి నుంచి ఆ గొంతు వింటుంటే ఏడుపు ఆగలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఫిట్స్ వచ్చాయని స్కాన్ తీయిస్తే ఏవీఎం అని తేలింది. మెదడులో ఎడమవైపు, మాట పుట్టే చోటును ఆనుకుని ధమనులు, సిరలు నేరుగా కలిసిపోయి చిక్కుపడ్డాయట. ఎప్పుడైనా చిట్లొచ్చు. తీసేటప్పుడు మాట పోకూడదంటే మనిషి మెలకువగా ఉండాలన్నారు. తల తెరిచి, మెలకువగా! ఆ రాత్రి మా ఇంట్లో ఎవరం అన్నం ముట్టలేదు.

సర్జన్ గారికి, రక్తం ఇచ్చిన బస్సు డిపో వాళ్లకు చేతులెత్తి మొక్కుతున్నాం. కానీ మత్తు డాక్టరమ్మ పడ్డ కష్టం బయటివాళ్లకు తెలియదు, అది నేను చెప్పాలి.

ముందురోజు ఆమె మంచం పక్కన కూర్చుని అన్నీ వివరించారు. మెదడుకు నొప్పి తెలియదు, నొప్పంతా పైన చర్మానికి, లోపలి పొరకే. అందుకని నుదుటి దగ్గర, చెవుల ముందు, తల వెనక నరాలకు మొద్దుబారే సూదులు వేస్తారు. ముందు నిద్రపుచ్చి, మెదడు కనపడ్డాక లేపుతారు. బాపు ఇరవై ఏళ్లకు పైగా కరీంనగర్–జగిత్యాల బస్సులో కండక్టర్ అని తెలిసి, దారిలో స్టాపులన్నీ కాగితం మీద రాసుకున్నారు.

బీపీ పెరిగితే రక్తనాళం చిట్లుతుంది, బాగా పడిపోతే మెదడుకు రక్తం చాలదు. మత్తు ఎక్కువైతే శ్వాస మందగిస్తుంది, తక్కువైతే మనిషి బెదిరి కదులుతాడు. తలేమో పిన్నులతో బిగించి ఉంటుంది. ఇన్నిటినీ చూసుకుంటూనే ఆమె బాపు చెయ్యి పట్టుకుని మాట్లాడిస్తూ ఉన్నారు. బొమ్మలు చూపిస్తే గొడుగు, తాళంచెవి, చెప్పులు అని చెప్పాడట. సర్జన్ గారు ఒక నాళానికి కాసేపు క్లిప్పు పెట్టి చూసినప్పుడు మాత్రం, స్టాపుల పేర్లు వరసగా చెప్తున్నవాడు "గంగాధర..." దగ్గర ఆగిపోయాడు. పెదాలు కదులుతున్నాయి, మాట రావడం లేదు. ఆమె వెంటనే చెప్పారు, క్లిప్పు తీశారు. కాసేపటికి "పూడూరు, కొండగట్టు" అన్నాడు. ఆ నాళాన్ని ముట్టుకోకుండా మిగతా చిక్కంతా తీసేశారు.

మేడం, మీరు మా ఇంటికి బాపు మాటను తిరిగిచ్చారు. లోపల దాహంతో నోరెండిపోతే మీరు తడిగుడ్డతో పెదాలు తుడిచారట. ఇంటికి ఎవరొచ్చినా బాపు ముందు ఆ సంగతే చెప్తున్నాడు.