ఆ గడిలో ఏం రాయాలి మామా?

కర్నూలు,
ఆదివారం రాత్రి.

ఒరేయ్ మల్లీ,

బాగుండావా? చెల్లెమ్మ మోకాళ్ళ నొప్పి ఎట్లుంది? ఫోన్ ఉండగా వీడు కాగితం ఎందుకు పట్టుకున్నాడని అనుకుంటావేమో. నీ ఫోన్ ఎప్పుడూ స్పీకర్‌లోనే ఉంటుంది, పక్కన చెల్లెమ్మ ఉంటుంది. ఈ సంగతి ఆమె చెవిన పడాలో వద్దో చదివాక నువ్వే తేల్చుకో. చేతిరాత చూసి నవ్వొద్దు. పెన్ను పట్టి ఇంత పొడుగు రాసి పదిహేనేళ్ళయింది.

మీ చరణ్ గురించి రా. వాడు తెల్లవారి ఐదుకల్లా అవుట్‌డోర్ స్టేడియంలో ఉంటాడు. షుగర్ వచ్చినప్పటి నుంచి నా నడక కూడా అక్కడే. కానిస్టేబుల్ ఈవెంట్స్‌లో 1600 మీటర్లకు ఇచ్చేది 8 నిమిషాలు. మనోడు ఆరున్నరలో కొట్టేస్తున్నాడు. అయిపోయాక మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వగరుస్తూ నావైపు చూసి నవ్వుతాడు. అచ్చం ఇంటర్‌లో నువ్వే. తర్వాత ఇద్దరం ఉగ్గాని బండి దగ్గరికి పోతాం. నాకు బజ్జీ వద్దని మీ చెల్లెలి ఆర్డర్ కాబట్టి వాడి ప్లేట్లోది ఒకటి లాక్కుంటా.

మొన్న గురువారం సాయంత్రం అంగడికి వచ్చాడు. లోపలికి రాకుండా, జెరాక్సుల జనం తగ్గేదాకా బయట బండి మీదే కూర్చున్నాడు. అందరూ పోయాక వచ్చి ఫోన్‌లో ఒక ఫొటో చూపించాడు. ఎవరిదో పాత అటెస్టేషన్ ఫారం, పోలీసు ఉద్యోగానికి సెలక్టయినవాళ్ళు తమ గురించి రాసిచ్చేది. ఒక గడిని రెండు వేళ్ళతో పెద్దది చేసి, "ఈ గడిలో ఏం రాయాలి మామా?" అన్నాడు. ఎప్పుడైనా అరెస్టయ్యారా, మీ మీద కేసు నడిచిందా, శిక్ష పడిందా, కొట్టేశారా, పెండింగ్‌లో ఉందా అని వరుసగా అడిగే గడి అది.

బెంగళూరు సంగతంతా చెప్పాడు. రూములో నలుగురు, 40 గ్రాముల గంజాయి పొట్లం, అర్ధరాత్రి పోలీసులు, మూత్రపరీక్ష, స్టేషన్ బెయిలు. నువ్వు పోయి విడిపించుకొచ్చావని, నాకు కూడా చెప్పొద్దన్నావని. నాకేం కోపం లేదు. సరే, ఉంది కొంచెం. దానికంటే నువ్వు వాడికి చెప్పిన మాట విని నా గుండె జారిపోయింది: "కర్ణాటక కేసు ఆంధ్రాలో ఎవడికి తెలుస్తుందిరా, 'లేదు' అని రాసెయ్."

మల్లీ, ఇదే మాట నేను ఒకసారి చెప్పాను. చెప్పడమేంది, నా చేత్తోనే రాశాను.

మా అక్క కొడుకు గిరికి సెలక్షన్ వచ్చి పోయిందని నీకు తెలుసు. మెడికల్‌లో పోయిందని ఊరంతా చెప్పుకున్నాం. అబద్ధం. డిగ్రీలో ఉన్నప్పుడు వాడు, ఇంకో ఇద్దరు కేసీ కెనాల్ గట్టు మీద గంజాయి తాగుతూ దొరికారు. ఒక్క పొట్లం. మేం పెట్టుకున్న లాయరు, పేరెందుకులే, "తప్పు ఒప్పేసుకుంటే ఒక్కరోజులో అయిపోతుంది, వాయిదాలకు తిరగనక్కర్లేదు" అన్నాడు. మాకూ అదే కావాల్సింది. జడ్జి అడిగితే గిరి తలకాయ ఊపాడు, మూడు వేలు ఫైను కట్టి రసీదు జేబులో పెట్టుకుని వచ్చేశాం. దారిలో మా అక్క గుడి దగ్గర ఆటో ఆపించి టెంకాయ కూడా కొట్టింది. కేసు పోయిందనుకున్నాం. ఒప్పుకుని ఫైను కట్టడమంటే శిక్ష పడినట్టేనని, అది రికార్డులో అట్లే ఉంటుందని మాకు ఎవడూ చెప్పలేదు. మేమూ అడగలేదు.

2018 చివర్లో పడ్డ నోటిఫికేషన్‌లో వాడికి కానిస్టేబుల్ వచ్చింది. ఫారం తెచ్చి నా టేబుల్ మీద పెట్టి ఇదే గడి చూపించాడు. నేను పెద్ద తెలివైనవాడిలా "కేసు క్లోజ్ అయింది కదరా" అని 'లేదు' అని రాశాను. గుండ్రంగా, ముత్యాల్లాంటి అక్షరాలు.

ఎస్‌బీ (పోలీసుల స్పెషల్ బ్రాంచి) నుంచి ఒకాయన ఎంక్వయిరీకి వచ్చాడు. అక్క టీ ఇచ్చింది, పక్కింట్లో రెండు మాటలు అడిగి పోయాడు. నెల తర్వాత మెమో వచ్చింది: వివరాలు దాచినందుకు నీ సెలక్షన్ ఎందుకు రద్దు చేయకూడదో చెప్పు అని. గంజాయి తాగావని కాదు, మల్లీ. దాచావని. ఆ కాగితం చదివేటప్పుడు గిరి నావైపు చూడలేదు. ఇప్పటికీ సరిగా చూడడు. బొలేరో నడుపుకుంటున్నాడు, బాగానే ఉన్నాడు, అది వేరే సంగతి.

బెంగళూరు కేసు తెలియదనే భ్రమ వదిలెయ్. సీసీటీఎన్‌ఎస్ అని స్టేషన్లన్నిటినీ కలిపే పోలీసు కంప్యూటర్ వ్యవస్థ వచ్చాక దేశంలో ఏ స్టేషన్లో ఎఫ్‌ఐఆర్ కట్టినా కంప్యూటర్‌కు ఎక్కుతుంది. మన చిన్నప్పుడు జిల్లా దాటితే కొత్త మనిషి. ఇప్పుడు అట్లా లేదు.

గిరి కోసం కోర్టు కాగితాలు టైపు చేసీ చేసీ నాకూ సగం లా వచ్చింది. 2016 జులైలో అవతార్ సింగ్ అనే అతని కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జీల తీర్పుంది. ఇట్లాంటి కేసుల్లో అందరూ దాన్నే పట్టుకుంటారు. శిక్ష పడినా, కొట్టేసినా, పెండింగ్‌లో ఉన్నా, అడిగినదానికి నిజమే రాయాలి. కుర్రతనంలో నినాదాలు చేసినట్టు మరీ చిన్న కేసైతే, దాచినా సరే అధికారి క్షమించి వదిలేయొచ్చు. ఫారంలో అడగనిది చెప్పలేదని తప్పు పట్టకూడదు. చేదుగా ఉండేది ఇంకోటుంది. నిజం రాసినంత మాత్రాన ఉద్యోగం ఇచ్చి తీరాలని లేదు, పాత నడవడి చూసి నిర్ణయించుకునే హక్కు డిపార్ట్‌మెంట్‌కు ఉంటుంది. 2022లో ఇంకో తీర్పులో యూనిఫాం ఉద్యోగాలకైతే ఇంకా గట్టిగానే చూడాలన్నారు. కాబట్టి నిజం రాస్తే గ్యారంటీగా వస్తుందని నీకు నేను చెప్పలేను. గిరితో పాటు దొరికిన వాళ్ళలో ఒకడు ఒప్పుకోకుండా కేసు నడిపాడు, కొట్టేశారు. వాడూ సెలక్టయ్యాడు, గడిలో ఉన్నదున్నట్టు రాసి తీర్పు కాపీ పెట్టాడు. ఏడెనిమిది నెలలు ఆఫీసుల చుట్టూ తిరిగి, సొంత బ్యాచ్ పోయి, తర్వాతి బ్యాచ్‌తో ట్రైనింగ్‌కు పోయాడు. పెళ్ళిలో కనబడితే నాకు సెల్యూట్ కొట్టాడు, ఎగతాళికి.

ఇందులో అన్యాయం లేదనను. ఆ ఫారం "ఎప్పుడైనా గంజాయి తాగావా" అని అడగదు, కేసుందా అనే అడుగుతుంది. హాస్టల్లో పదిమంది తాగితే దొరికినవాడికే గడి నింపాల్సిన ఖర్మ. మా బామ్మర్ది డాలస్‌లో ఉంటాడుగా, వాడితో ఈ మాటంటే నవ్వాడు. అక్కడ ఎఫ్‌బీఐకి అప్లై చేస్తే కేసున్నా లేకున్నా నేరుగా అడుగుతారంట. గంజాయి తాగి ఏడాది దాటి ఉండాలి, మిగతా మత్తుమందులకైతే పదేళ్ళు. అప్లై చేసేవాడు ఉండే రాష్ట్రంలో గంజాయికి అనుమతి ఉన్నా సరే, లెక్క అదే. పైగా వైర్లు తగిలించి, అబద్ధం పట్టే పాలీగ్రాఫ్ మీద కూర్చోబెడతారు. తాగినవాడికైనా ఏడాది ఆగితే దారుంది గానీ అబద్ధం చెప్పి దొరికితే అక్కడా పని అయిపోయినట్టే.

డిపార్ట్‌మెంట్ వైపు నుంచి కూడా ఆలోచించు. మన పంచలింగాల చెక్‌పోస్టులో నిలబడి బస్సుల్లో బ్యాగులు వెతికేది ఈ పిల్లోళ్ళే. దొరికిన సరుకు స్టేషన్లో పెట్టి కాపలా కాసేదీ వీళ్ళే. రేపు కోర్టులో బోనెక్కి సాక్ష్యం చెప్పేటప్పుడు అవతలి లాయరు "నువ్వే దాచి ఉద్యోగం తెచ్చుకున్నావు గదయ్యా" అంటే ఆ కేసు నిలబడుతుందా? అందులోనూ 2024 చివర్లో గంజాయి కోసమే ఈగల్ అని ఒక విభాగం పెట్టి, 1972 అని ఫోన్ నంబరు ఇచ్చి, ఊరూరా బోర్డులు కట్టారు. ఈ రోజుల్లో ఆ కేసును 'చిన్నది' అని చూసే మూడ్‌లో ఎవరూ లేరు.

ఇప్పుడు అసలు పని. చరణ్ కేసు ఇంకా పెండింగ్‌లోనే ఉంది, అదే నయం. బెంగళూరు లాయరు ఏమంటున్నాడని అడిగితే, "ఒప్పేసుకో, ఫైను కట్టి పోదాం అంటున్నాడు మామా" అన్నాడు. నాకు కేసీ కెనాల్ గట్టు కళ్ళ ముందు తిరిగింది. ఒప్పుకోవద్దని నేననను, నేను లాయర్ని కాను. కానీ పోలీసు ఉద్యోగానికి పోతున్నాడని ఆయనకు చెప్పకుండా ఆ రోజు తల ఊపనివ్వొద్దు. మత్తుమందుల చట్టంలో (ఎన్‌డీపీఎస్ అంటారు) తాగినందుకు పెట్టే 27వ సెక్షన్‌లో గంజాయికైతే ఆరు నెలల దాకా జైలు లేదా 10,000 దాకా ఫైను, లేదంటే రెండూ. కిలో లోపు గంజాయిని చట్టం తక్కువ పరిమాణంగానే చూస్తుంది. మనం చూడాల్సింది ఫైను ఎంతన్నది కాదు, శిక్ష పడిందన్న ముద్ర. అదే చట్టంలో 64ఏ అని ఒకటుంది: వ్యసనపరుడు తనంతట తాను సర్కారు ఆస్పత్రిలోనో, సర్కారు గుర్తించిన చోటో చికిత్స చేయించుకుంటే ఇట్లాంటి చిన్న కేసుల్లో ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు. మనోడికి అది వర్తిస్తుందో లేదో లాయరే చెప్పాలి, కానీ అడగందే చెప్పరు. ఆ నలుగురిలో ఒకడికి పదిహేడేళ్ళే అంట కదా, వాడి దారి వేరు. జువెనైల్ చట్టం కింద ఆ కేసు రేపు వాడి ఉద్యోగానికి అడ్డు రాకూడదు.

వాడిని నేను ఒక్కటే అడిగాను, ఇప్పుడు తాగుతున్నావా అని. "ఆ రాత్రి నుంచి లేదు మామా, నాన్న స్టేషన్ బయట చెప్పులు లేకుండా నిలబడి ఉన్నాడు" అన్నాడు. హడావుడిలో చెప్పులు మరిచి బస్సెక్కావంట గదరా నువ్వు. నాకైతే వాడి మాట మీద నమ్మకం కుదిరింది. పోయినసారి 2022 నవంబరులో నోటిఫికేషన్ పడితే ఫైనల్ పరీక్ష 2025 జూన్‌కు గానీ జరగలేదు, అన్నాళ్ళూ ఒళ్ళు వంచి పరిగెత్తిన పిల్లల్ని రోజూ చూశాను. వీడూ ఆ జాతే.

ఎఫ్‌ఐఆర్ కాపీ, బెయిలు కాగితం, చార్జిషీటు వేసుంటే అదీ, కన్నడంలో ఉన్నా పర్వాలేదు, అన్నీ తీసి పక్కన పెట్టు. అక్కడ జెరాక్సు తీయించకుండా వాటిని తీసుకుని నువ్వే వచ్చెయ్, ఇక్కడ నేనే తీస్తా. ఊళ్ళో ఇంకో అంగట్లో ఆ కాగితాలు పెట్టొద్దు. బుధవారం పొద్దున ప్యాసింజర్‌కు వస్తే ఉగ్గాని టైముకు దిగుతావు. సర్టిఫైడ్ కాపీలకు బెంగళూరు పోయేటప్పుడు నేనూ వస్తా, చెప్పులు వేసుకుని పోదాం.

ఫారం వచ్చే రోజుకు ఆ గడి వాడే నింపుతాడు. నేను పెన్ను ముట్టను.

నీ
సుబ్బడు