స్వప్నకు, దేవరకొండ నుంచి

చిరంజీవి స్వప్నకు,

అమ్మ దీవెనలు. ఇక్కడ అందరం బాగున్నాం. వాన ఆలస్యమైనా పత్తి నిలబడ్డది. మీ నాన్నకు షుగర్ అదుపులోనే ఉంది గానీ రాగిజావ అంటే మొహం తిప్పుకుంటారు. పుష్ప వాళ్ల గోడ మళ్లీ కూలింది. నీకు జలుబు తగ్గిందా? అక్కడ చలి మొదలైతే చెవులకు ఏదన్నా కట్టుకో, ఫ్యాషన్ చూడకు.

ఫోన్ చేస్తే ఎత్తడం లేదు గనక రాస్తున్నాను. నువ్వు మన ఇంటి గ్రూపులోంచి వెళ్లిపోయావని రమేశ్ చెప్పేదాకా నాకు తెలియదు. చిన్నాన్న పెట్టింది తర్వాత చదివాను. నల్లవాళ్లుండే వైపు ఇల్లు తీసుకోవద్దట, వాళ్లు పని చెయ్యరట, దొంగతనాలన్నీ వాళ్లవేనట. అది తప్పుడు మాట, నువ్వన్నదే నిజం. అమ్మ కూడా వాళ్ల వైపే అనుకొని అన్నం మానేస్తావని ముందే చెబుతున్నాను. డెనీస్‌తో ఒకే ఇంట్లో ఉంటున్నదానివి, నీకు మండడం న్యాయమే. వాళ్లమ్మకు మోకాలి ఆపరేషన్ అన్నావు, అయ్యిందా?

కరుణ పెళ్లి మాఘమాసంలో అనుకుంటున్నారు. పిల్ల చామనఛాయ అని ఒక సంబంధం వెనక్కి పోయింది. పట్టుచీర రంగు దగ్గర కూడా ‘ఈ పిల్లకు ఇది నప్పదు’ అన్నారు. నేను అక్కడే గట్టిగా మాట్లాడాను. రంగు చూసి మనిషిని తక్కువ చేసేవాళ్లు అమెరికాలోనే లేరు బిడ్డా.

చిన్నాన్న సంగతికి వస్తే, ఆయనకు తెలియనివి చాలా ఉన్నాయి. 1946లో చేసిన చట్టం ప్రకారం అమెరికా మన దేశం నుంచి ఏడాదికి 100 మందికే చోటిచ్చింది. పుట్టిన దేశాన్ని బట్టి పెట్టిన ఆ పాత కోటాలను 1965 చట్టం ఎత్తేసింది. దానికి ముందటేడే, 1964లో, పౌరహక్కుల చట్టం వచ్చింది. నల్లవాళ్లు రోడ్ల మీద దెబ్బలు తిని, జైళ్లకు పోయి తెచ్చుకున్న చట్టమది. ఆ ఊపులోనే మనవాళ్లకూ దారి దొరికింది. రమేశ్ వీసా వెనక వాళ్ల కష్టం ఉందని చిన్నాన్నకు ఎవరన్నా చెప్పారా? 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లో ఒకడు ‘నా దేశంలోంచి పొండి’ అని అరిచి శ్రీనివాస్ కూచిభొట్లను కాల్చి చంపినప్పుడు ఇదే చిన్నాన్న రాత్రంతా నిద్రపోలేదు, రమేశ్‌కు ఫోన్ మీద ఫోన్. ఆ రోజు హంతకుణ్ణి ఆపబోయి తూటా తిన్నది ఇయన్ గ్రిల్లట్ అనే తెల్లబ్బాయి.

మళ్లీ క్లాసు చెబుతున్నాననుకుంటావు. ఏళ్ల తరబడి సోషల్ చెప్పిన నోరు, ఊరుకోదు.

మీ నాయనమ్మ సంగతి నీకు సగమే తెలుసు. మన బాయి కాడ పనిచేసిన నర్సింహ నీళ్లడిగితే ఆమె పైనుంచి దోసిట్లో పోసేది. చాయ్‌కి కొట్టం చూరులో దోపిన గ్లాసు వేరే. లక్ష్మత్త డిగ్రీ చదువుతూ సెలవులకు వచ్చినప్పుడల్లా దాని మీదే యుద్ధం. అందరి ముందు ‘నువ్వు మనిషివేనా’ అనేది. ఒకసారి ఆ గ్లాసు తీసుకుపోయి బాయిలో పారేసింది. నాయనమ్మ సంతలో ఇంకొకటి కొన్నది. లక్ష్మత్త ఇంటికి రావడమే తగ్గించింది. మళ్లీ వచ్చినప్పుడు ఇద్దరూ కందులు చెరుగుతున్నారు. గ్లాసు మాట ఎత్తకుండా, ‘అమ్మా, కరువుకు పుణె పోయినప్పుడు ఎట్ల బతికిన్రు?’ అని అడిగింది. నాయనమ్మ చెప్పుకుంటూ పోయింది. మేస్త్రీ లారీ, రేకుల గుడిసె, పొద్దున లేస్తే తట్టమోత. మీ నాన్న అప్పుడు చంకపిల్లాడు. దాహానికి ఏడుస్తుంటే పక్క బంగళా ఆమె, పాలమూరు లేబర్‌కు చెంబు ఇస్తే మైల పడుతుందని, గేటు అవతల నిలబెట్టి చేతుల్లో పోసిందట. పిల్లాడి నోటికి అందేలోపు సగం నీళ్లు కారిపోయాయట. అది చెబుతూ చేట కింద పెట్టేసింది. లక్ష్మత్త ఒక్క మాట అనలేదు. నేను పొయ్యి కాడ ఉండి విన్నాను. నాయనమ్మ ఆ పూటే మారిందని చెప్పను, నెలలు పట్టింది. ఆ ఎండాకాలం మనం తాగే చెంబునే నర్సింహ చేతికిచ్చింది. లోపల కూర్చోబెట్టి మాత్రం చివరిదాకా అన్నం పెట్టలేదు. అది మీ నాన్న మొదలుపెట్టారు.

నువ్వు గ్రూపులో అంతమంది ముందు చిన్నాన్నను రేసిస్ట్ అన్నావు. పదిమంది చూస్తుంటే ఏ పెద్దమనిషీ వెనక్కి తగ్గడు. ఆ మాటతో మొదలుపెడితే తర్వాత చెప్పేది చెవికెక్కదు. ఆయనకు విడిగా ఫోన్ చెయ్యి. ముందు షార్జా రోజులు అడుగు. ఒకే పనికి తెల్లవాళ్లకొక జీతం, మనకొక జీతం అని ఎన్నిసార్లు బాధపడ్డాడో. చెప్పనియ్యి, మధ్యలో అందుకోకు. ఆ తర్వాత డెనీస్ గురించి చెప్పు, ఆమె ఏం చదివింది, నీకు జ్వరమొస్తే రాత్రంతా ఎట్లా కూర్చుంది. మాట మింగమనడం లేదు. మళ్లీ అట్లాంటిదే పెడితే ‘ఇది నాకు నచ్చలేదు చిన్నాన్నా’ అని గ్రూపులోనే చెప్పు, కానీ అక్కడ ఉండి చెప్పు. నువ్వు వెళ్లిపోయాక ఆ మెసేజి కింద అందరూ దండాలు పెట్టారు, కాదనేవాళ్లే లేరు. నాకు టెన్షన్ అంతా దాని గురించే. కరుణ తమ్ముడు ఇంటర్ పిల్లాడు, వాడూ అవే చదువుతున్నాడు.

సకినాలు చేయిస్తున్నాను. డెనీస్‌కు కారం పడదన్నావు గనక కొన్ని వాము, నువ్వులతోనే. మామిడి తొక్కు డబ్బాకు నీ పేరు రాసి పెట్టాను. నూనె కారకుండా రెండు కవర్లు వేయిస్తాను. చిన్నాన్నకు ఆదివారం మా టైం ఎనిమిదిలోపు చెయ్యి, ఆ తర్వాత పొలం పోతాడు, సిగ్నల్ ఉండదు. ఆయనకంటే ముందు నాకు చెయ్యి.

మీ అమ్మ