నాన్న మళ్లీ పద్యం ఎత్తుకున్నారు: మీ అందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం.

ఈ నాలుగు మాటలు ఎప్పుడో రాయాల్సింది. నాన్న తన కాళ్ల మీద తను వీధి గుమ్మం దాకా నడిచాకే రాయాలని మొక్కుకున్నట్టు ఆగాను. మొన్న శనివారం నడిచారు.

కార్తీక మాసంలో తెనాలిలో మా నాన్నగారు బాత్రూంలో జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. వయసు 74. గుంటూరు తీసుకెళితే వెంటనే ఆపరేషన్ అన్నారు, రెండు యూనిట్ల రక్తం చూసుకోమన్నారు. ఇన్సూరెన్స్ ఉంది కదా అని ధైర్యంగా ఉంటే, తీరా కౌంటర్ దగ్గర క్యాష్‌లెస్ కుదరదన్నారు. నేను హైదరాబాద్ నుంచి వచ్చేసరికి అమ్మ ఆసుపత్రి వరండాలో చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. చేతులు వణుకుతున్నాయి.

ఆ రాత్రి తెనాలి నుంచి బైక్ మీద వచ్చి రక్తం ఇచ్చిన తమ్ముళ్లిద్దరికీ, నాన్న దగ్గర పదో తరగతి చదివి ఇప్పుడు తలా ఒక ఊళ్లో ఉంటూ గంటలో డబ్బు సర్దిన విద్యార్థులకీ చేతులెత్తి దండం పెడుతున్నాను. "మాస్టారు లేచి కూర్చోనివ్వండక్కా, లెక్కలు తర్వాత" అన్నారు. వాళ్లమ్మగారు వాడిన వాకర్‌ని కడిగి, తుడిచి, కాళ్లకి కొత్త రబ్బరు బూట్లు వేయించి తెచ్చిచ్చిన వెనకింటి అన్నయ్యగారికి ఏం చెప్పాలో తెలియడం లేదు. ఆ తల్లి పోయి ఏడాది కూడా కాలేదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఇంటికొచ్చాక నాన్న మాట్లాడటం మానేశారు. ఆయన తెలుగు పండితుడు. కుర్రతనంలో తిరునాళ్లలో కృష్ణుడి వేషం కట్టి రాయబారం పద్యాలు పాడిన మనిషి. మాకు దగ్గరి సుద్దపల్లిలో పుట్టిన ఈలపాట రఘురామయ్య గారిని చాప మీద కూర్చుని చూశానని, నోట్లో వేలు పెట్టి ఈలతోనే రాగం పలికించేవారని మాకు వందసార్లు చెప్పి ఉంటారు. అలాంటిది, గోడ వైపు తిరిగి పడుకుని "ఊఁ", "వద్దు" తప్ప ఇంకో మాట లేదు. ఊపిరితిత్తుల కోసమని మూడు బంతుల ప్లాస్టిక్ పరికరం ఇచ్చారు. ఊదడం కాదు, గొట్టంతో గాలి లోపలికి పీలిస్తే బంతులు పైకి లేవాలి. 600 అని రాసి ఉన్న మొదటి బంతి కూడా కదిలేది కాదు. అసలు ఆయన పీల్చేవారే కాదు.

ముందు రేడియో వచ్చింది. అటక మీద ఏళ్ల తరబడి మూగగా పడి ఉన్న ట్రాన్సిస్టర్‌ని ఎదురింటి ఇంటర్ కుర్రాడు పట్టుకెళ్లి, తుప్పు గీకి, తీగ అతికించి తెచ్చాడు. ముల్లు 837 దగ్గర నిలబెట్టాడు. మీడియం వేవ్ మీద విజయవాడ కేంద్రం. 1948లో మొదలైన ఆ స్టేషన్‌తో పాటే పెరిగిన తరం నాన్నది. గరగరల మధ్య భక్తిరంజని వినిపించగానే ఇటు తిరిగి పడుకున్నారు. అంతే, ఇంకేం అనలేదు. వంటింట్లో అమ్మ కళ్లు తుడుచుకుంది.

ఆ సంగతి ఎలా తెలిసిందో, వారం తిరక్కుండా హార్మోనియం బాబాయి గారు వచ్చారు. ఆయన చుట్టుపక్కల ఊళ్లలో నాటకాలకి వాయించిన మనిషి. స్టేజీ మీద వాయించే కాలి హార్మోనియం మా గదిలో పట్టదని, చిన్న చేతిపెట్టెని పాత దుప్పటిలో చుట్టి ఆటోలో తెచ్చారు. ఆరోగ్యం గురించి ఒక్క ప్రశ్న లేదు. మంచం పక్కన చాప వేసుకుని మోహన రాగం అందుకున్నారు. కాసేపటికి నాన్న పెదాలు కదిలాయి. గొంతు వచ్చింది. గాలిలాంటి గొంతు. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, వయసులో ఉండగా నాన్న ఒక్క ఊపిరిలో లాగేవారు. ఆ రోజు ఏడో అక్షరానికే ఆయాసం వచ్చింది. బాబాయి గారు అక్కడ ఖాళీ కనపడకుండా పెట్టెతోనే రాగం సాగదీసి, నాన్న ఊపిరి తీసుకునేదాకా కాచుకుని, మళ్లీ చేతికందించారు. పద్యం అయ్యాక నాన్న అన్న మొదటి మాట:

"శ్రుతి దించేశావేమయ్యా?"

"ఈ పెట్టె ఇంతేలెండి మాస్టారూ, మెట్లు సరిగా పలకట్లా" అన్నారాయన. పెట్టె బాగానే ఉంది. నాలుగు శ్రుతిలో పాడే మనిషి కోసం మాట్లాడకుండా ఒకటిన్నరకి దించారని నాకు తర్వాత తెలిసింది. ఆ అబద్ధానికి మీకు నేను జన్మంతా రుణపడి ఉంటాను బాబాయి గారూ.

అప్పట్నుంచి ప్రతి శనివారం వచ్చారు. నాన్న బంతులు పీల్చడం కూడా మొదలుపెట్టారు, శనివారానికి ఊపిరి కావాలని. ఫిజియోథెరపీకి వచ్చే అమ్మాయి చూసి, "బంతులూ మానకండి, పద్యమూ మానకండి తాతగారూ" అంది. ఒకరోజు ఆ అమ్మాయే తలుపు దగ్గర నిలబడి వేళ్ల మీద అక్షరాలు లెక్కపెట్టింది. పదహారు!

మా అమ్మ గురించీ చెప్పాలి. నెలగంట పెట్టిన రోజు పొద్దున్నే చూస్తే, మా వాకిట్లో పేడనీళ్ల కళ్లాపి, 15 చుక్కల ముగ్గు. పెళ్లయ్యాక ఏ ధనుర్మాసమూ అమ్మ వాకిలి వదల్లేదు. ఈసారి నాన్న మంచం దగ్గర నుంచి కదిలే వీల్లేక ఆ ఊసే ఎత్తలేదు. పక్కింటి పిన్నిగారు తన ముగ్గుకన్నా ముందు మాది వేశారు, భోగి దాకా అన్ని రోజులూ. వారం గడిచాక కిటికీ దగ్గరకొచ్చి, "అక్కయ్యా, నాకొచ్చినవి అయిపోయాయి, నువ్వు గీసియ్యి" అని అడిగారు. ఇక రోజూ రాత్రి అమ్మ మందుల బిల్లుల వెనక చుక్కలు పెట్టి ముగ్గు గీసేది, పొద్దున్నకి అది వాకిట్లో ఉండేది. తామరలు, రథం, సందు చుక్కల మెలికలు. ఆ బిల్లులన్నీ నా దగ్గరే ఉన్నాయి. ఎంత అయిందో చూసే వైపు కాదు, వెనక వైపు దాచుకున్నాను.

మొన్న శనివారం నాన్న వాకర్ పట్టుకుని గుమ్మం దాకా నడిచి, బాబాయి గారికి ఎదురెళ్లారు. కుర్చీలో కూర్చున్నాక, "ఇవాళ అర శ్రుతి పెంచు, మెట్లు పలుకుతాయిలే" అన్నారు.

బాబాయి గారు పెంచారు.